రాజమహలు నుంచి ఢోల్‌కల్ దాకా

మన కర్మాగారంలో పనిచేసే వారిలో బైలడిల్లా పేరు వినని వారుండరు. వ్యాగన్లను తిరగవేసి ఖనిజాన్ని దింపుకునే వారికీ, సింటర్ ప్లాంటులో పాళ్లు చూసే వారికీ, ప్రయోగశాలలో ఇనుము ఎంత, సిలికా ఎంత, అల్యూమినా ఎంత అని లెక్కకట్టే వారికీ అది నిత్యవ్యవహారంలోని మాట. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసుల ఆకలి తీరేది ప్రధానంగా అక్కడి రాతితోనే. ఇన్నేళ్లుగా ఆ కొండ ధూళిని మన బూట్లకు అంటించుకుని క్వార్టర్లకు మోసుకుపోతున్నాము. మన ఇల్లాళ్లు వాకిళ్లు కడుగుతూ విసుక్కుంటున్నారు. అయితే ఆ కొండను కాలినడకన ఎక్కి చూసిన వారు మనలో ఎందరున్నారు?

ఆ కోరికతోనే గత కార్తికమాసంలో మేము ఆరుగురము బస్తరుకు బయలుదేరాము. నలుగురము సహోద్యోగులము, ఇద్దరు గృహిణులు. అందరమూ యాభై దాటిన వారమే. మోకాళ్ల సంగతి ఎవరూ బయటికి చెప్పలేదు గాని, సంచుల్లో మందునూనె సీసాలు నాలుగు తేలాయి.

కొత్తవలస నుంచి కిరండోల్ వెళ్లే రైలుమార్గాన్ని గురించి విశేషంగా రాయనవసరం లేదు. మనవాళ్లలో అరకు దాకా వెళ్లని కుటుంబం లేదు కదా! ఒకటి రెండు మాటలు మాత్రం చెప్పాలి. జపాను దేశపు ఉక్కు పరిశ్రమకు ఖనిజాన్ని చేరవేయడం కోసమే 1960వ దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. సుమారు 450 కిలోమీటర్ల దారిలో 58 సొరంగాలు ఉన్నాయి. శిమిలిగుడ వద్ద పట్టాలు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరతాయి. అరకు దాటగానే ప్రయాణికులలో సగం మంది నిద్రకు ఉపక్రమిస్తారు, అది పొరపాటు. కోరాపుట్ పీఠభూమి మీద వలిసెపూలు పూసిన పొలాలను ఆ ఋతువులో చూడవలసిందే.

జగదల్‌పూర్ నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని ఒక జిల్లా కేంద్రం. పాత బస్తరు జిల్లా కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది అంటే ఆ భూభాగపు విస్తీర్ణం పాఠకులకు తెలుస్తుంది. ఈ దేశాన్ని ఏలిన రాజవంశం మన ఓరుగల్లు నుంచి వచ్చినదే అన్న సంగతి మాలో ఇద్దరికి అక్కడికి వెళ్లేదాకా తెలియదు. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైన తరువాత, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి, ఇంద్రావతులను దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తరు సంప్రదాయం. ఆ బంధుత్వం విషయంలో చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. బస్తరు ప్రజలకు మాత్రం లేవు. 2022 జూలైలో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు ఈ వంశపు నేటి వారసుని అతిథిగా ఆహ్వానించారు. ఏడు వందల ఏళ్ల తరువాత పుట్టింటికి పిలుపు వచ్చిందన్నమాట.

18వ శతాబ్దంలో దళపతిదేవుడు రాజధానిని జగదల్‌పూరుకు మార్చాడు. ఆయన తవ్వించిన దళపత్ సాగరం ఊరి నడుమ చిన్న సముద్రంలా నేటికీ ఉన్నది. తెల్లవారుజామున దాని గట్టు మీదుగా నడిచి రాజమహలు సింహద్వారానికి చేరుకున్నాము. అక్కడ వైభవం కోసం వెదికే వారికి కొంత నిరాశ కలుగవచ్చు. మైసూరు మహలు వంటి హంగులు లేవు. సున్నం వేసిన గోడలు, విశాలమైన ఆవరణ, ఒక పక్క దంతేశ్వరీ దేవి ఆలయం, ఉదయం నుంచే వచ్చిపోయే పల్లె జనం. వారు రాజమహలును చూడటానికి రారు. అమ్మవారి గుమ్మం దగ్గర ఒక దండం, మహలు వైపు తిరిగి మరొక దండం పెట్టి తమ పనుల మీద తాము పోతారు.

ఆ రెండవ దండం ఎవరికని మేము అడిగాము. ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్‌కు అన్నారు. కాకతీయ వంశపు రాణి ప్రఫుల్లకుమారీదేవి కుమారుడు ఆయన. సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత కూడా ఆదివాసులు ఆయననే తమ రాజుగా ఎంచారు. భూమి కోసం, అడవి కోసం వారు చేసిన ఆందోళనలకు ఆయన అండగా నిలిచారు. 1966 మార్చి 25న ఈ ఆవరణలోనే పోలీసు కాల్పులలో ఆయన మరణించారు. ఆయనతోబాటు కొందరు ఆదివాసులు కూడా. దంతేశ్వరీ దేవి పటం పక్కన ఆయన పటం పెట్టి పూజించే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

బస్తరు దసరా 75 రోజుల పండుగ. మన లెక్కలో ఆషాఢ అమావాస్యనాడు కొయ్యదుంగకు పూజ చేయడంతో అది మొదలవుతుంది. రావణుడి ఊసు అందులో లేదు. మేము వెళ్లేసరికి పండుగ ముగిసింది గనుక రథం లాగడం చూడలేకపోయాము. దాని చక్రాలను మాత్రం దగ్గరగా నిలబడి పరిశీలించాము. ప్రతి ఏటా కొత్త రథం కడతారు. వడ్రంగులు ఒక ఊరి నుంచి, కమ్మరులు మరొక ఊరి నుంచి తరతరాలుగా వస్తారు. నమూనా పటం లేదు, కొలతల కాగితం లేదు. లాగడానికి ఇనుప గొలుసులు కావు, మన మన్యంలో విస్తళ్లు కుట్టే ఆ అడ్డాకు తీగ నారతో పేనిన మోకులు. ఆ మోకు భరించగల తన్యతా బలం ఎంత ఉండవచ్చునని మాలో మెకానికల్ విభాగపు మిత్రుడొకరు అక్కడే లెక్క వేయడం ప్రారంభించారు. ఆయన శ్రీమతి చెయ్యి పట్టి ఇవతలికి తీసుకువచ్చారు.

విజయదశమినాటి రాత్రి ఎనిమిది చక్రాల రథాన్ని మాడియా ఆదివాసులు రాజుకు చెప్పకుండా ఊరి వెలుపలి కుమ్హడాకోట్ తోపుకు లాక్కుపోతారు. మరునాడు రాజు అక్కడికి స్వయంగా వెళ్లి, వారితో కలిసి కూర్చుని కొత్త బియ్యపు అన్నం తిన్న తరువాతనే రథం తిరిగి వస్తుంది. ఆ తోపు దాకా మేము నడిచి వెళ్లాము. ఊరి అంచున, సాయంకాలపు నడకకు చక్కని దారి. ఏలిన వాడు ఏటా ఒకసారి అడవికి వచ్చి, వారి పంక్తిలో భోజనం చేసి, తన రథాన్ని తాను అడిగి తెచ్చుకోవాలి. ఈ ఏర్పాటు చేసిన వారెవరో గాని గట్టి బుద్ధిమంతులు.

మరునాడు కాంగేర్ లోయ. 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి రెండు వందల చదరపు కిలోమీటర్లు. తీరథ్‌గఢ్ జలపాతం మెట్లు మెట్లుగా జారుతుంది. కుటుంసర్ గుహలో సున్నపురాతి ఊడలు, కళ్లు మసకబారిన చేపలు ఉన్నాయి. వానాకాలంలో గుహను మూసివేస్తారు. మనుషుల మాటను అనుకరించే కొండమైనా ఇక్కడి పక్షి, రాష్ట్రపక్షి కూడా. మేము రెండు గంటలు చెవులు రిక్కించి నడిచినా అది మాతో మాట్లాడలేదు. చిత్రకోట్ వద్ద ఇంద్రావతి అర్ధచంద్రాకారంలో దూకే దృశ్యాన్ని గురించి పత్రికలలో చాలామంది రాసినందున ఇక్కడ విడిచిపెడుతున్నాము.

బార్సూర్‌ను మాత్రం విడిచిపెట్టడానికి మనసొప్పదు. దంతెవాడకు ముందు దారి మళ్లి ఇంద్రావతి ఒడ్డుకు పోతే ఈ చిన్న ఊరు వస్తుంది. కాకతీయుల కంటె ముందు బస్తరును ఏలిన నాగవంశీయుల పట్టణం ఇది. ముప్పై రెండు స్తంభాల శివాలయం, మామా భాంజా ఆలయం, పక్కపక్కనే కూర్చున్న రెండు భారీ ఏకశిలా గణపతులు ఇక్కడి విశేషాలు. మమ్మల్ని నిలబెట్టివేసినది మరొక సంగతి. ఈ ఊళ్లో దొరికిన 11వ శతాబ్దపు శాసనం తెలుగులో ఉన్నది! నాగవంశపు రాజుకు సామంతుడైన చంద్రాదిత్యుడనే తెలుగు చోడుడు ఇక్కడ గుడి కట్టించి, చెరువు తవ్వించినట్లు అందులో ఉన్నది. అంటే అన్నమదేవుడు రావడానికి రెండు వందల ఏళ్లకు పైగా ముందే ఈ అడవిలో తెలుగు అక్షరం రాతికెక్కింది. తెలుగువాడు బస్తరుకు మొదట గుడి కట్టడానికి వచ్చాడు, తరువాత రాజ్యం కోసం వచ్చాడు, చివరికి ఇనుము కోసం వచ్చాడు.

దంతెవాడలో శంఖినీ, డంకినీ నదులు కలుస్తాయి. ఆ సంగమం ఒడ్డున దంతేశ్వరీ దేవి మూలస్థానం. లోనికి పోవాలంటే పురుషులు ప్యాంట్లు విడిచి ధోవతి కట్టవలసిందే. మాలో ఇద్దరికి ధోవతి కట్టడం రాదు. అక్కడి ఒక ముసలాయన నవ్వుతూ కట్టిపెట్టాడు. అమ్మవారు అన్నమదేవుని వెంట నడిచి వచ్చిందనీ, వెనుదిరిగి చూడకుండా ఎంత దూరం నడిస్తే అంత రాజ్యం ఇస్తానన్నదనీ ఇక్కడి కథ. సంగమం ఇసుకలో అమ్మవారి పాదాలు కూరుకుపోయి అందెల చప్పుడు ఆగింది. ఆయన వెనుదిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. సంగమంలో ఒక నది నీరు ఎర్రగా, మరొకటి తేటగా ఉంటుంది. ఎర్రనిది శంఖిని. అది బైలడిల్లా నుంచి దిగివస్తుంది. గనులు తెరిచిన దశాబ్దాలలో ఖనిజపు ధూళి ఆ నీటిని మరీ ఎరుపెక్కించిందనీ, పొలాలకు పనికిరాకుండా పోయిందనీ ఒడ్డున బట్టలు ఉతుకుతున్న స్త్రీలు మాతో చెప్పారు. ఆ ఎరుపు రంగును మేము వెంటనే గుర్తుపట్టాము. మన వాకిళ్లలో ఉన్నదీ అదే.

ఇక ఢోల్‌కల్. దంతెవాడకు సమీపంలో ఫరస్‌పాల్ అనే పల్లె ఉన్నది. అక్కడి నుంచి అడవిదారిన బైలడిల్లా శ్రేణిలోని ఒక శిఖరం పైకి ఎక్కాలి. డోలు ఆకారంలో నిటారుగా లేచిన ఆ రాతిశిఖరం మీద, గుడి లేకుండా, గోపురం లేకుండా, ఆకాశం కింద గణపతి కూర్చుని ఉంటాడు. కల్ అంటే గోండీలో రాయి. గోండీ మన తెలుగుకు సోదరభాషే. వింటూ ఉంటే నడుమ నడుమ ఒక మాట మన పెరట్లోదిలా తగులుతుంది.

పల్లెకు చెందిన ఒక యువకుడు మాకు దారి చూపడానికి వచ్చాడు. భుజాన గొడ్డలి, కాళ్లకు రబ్బరు చెప్పులు. మేము అరడజను మందిమి వేల రూపాయల బూట్లు వేసుకుని అతని వెనుక రొప్పుతూ నడిచాము. మొదట పొలాలు, ఆ తరువాత ఇప్పచెట్లు, తునికి, వెదురు పొదలు. జీలుగు చెట్లకు కుండలు కట్టి ఉన్నాయి. ఇక్కడ దానిని సల్ఫీ అంటారు. ఆడపిల్ల పెళ్లికి జీలుగు చెట్టును ఇచ్చే ఆచారం గురించి అతను చెప్పుకొచ్చాడు. ఎర్రచీమలు ఆకులు కుట్టి కట్టిన గూళ్లను చూపి వాటి పచ్చడి జ్వరానికి మంచిదన్నాడు. మాలో ఒక్కరే రుచి చూశారు. ఆ రుచి ఏమిటని అడిగితే చింతకాయ అన్నారు.

సగం దారి గడిచాక నేల రంగు మారింది. కాలికింద రాళ్లు ఎర్రగా, బరువుగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాము. తూకం చేతికి తెలిసిపోయింది. ఇన్నేళ్ల అలవాటు మరి! హేమటైట్. ఒకరు అరవై అన్నారు, మరొకరు అరవై అయిదు శాతం అన్నారు, చిన్న వాదం జరిగింది. దారి చూపే అబ్బాయి గొడ్డలి దించి వినసాగాడు. "ఏమంటున్నారు దాదా?" అని అడిగాడు. ఈ రాయిలో ఇనుము ఎంత ఉన్నదో అంచనా వేస్తున్నామని చెప్పాము. అతను ఆ రాయిని మా చేతిలోంచి తీసుకుని, తీసిన చోటనే పెట్టాడు. కోపం లేదు, ఇంట్లో పిల్లలు కదిపిన వస్తువును సర్దినట్లు పెట్టాడు.

చివరి ఎక్కుడు కఠినమైనది. చేతులు, మోకాళ్లు రెండూ వాడవలసి వచ్చింది. ఆడవారిద్దరూ మాకంటె ముందు చేరారన్నది ఇక్కడ రికార్డు చేయడం న్యాయం. శిఖరం మీద నిలబడే చోటు చాలా తక్కువ. మూడడుగుల ఎత్తు గణపతి లోయకేసి చూస్తూ కూర్చున్నాడు. పై చేతులలో పరశువు, విరిగిన దంతం; కింది చేతులలో అక్షమాల, మోదకం. పొట్ట మీద నాగబంధం. నాగవంశీయుల కాలపు పని, సుమారు వెయ్యి ఏళ్ల నాటిది. పరశురామునికీ గణపతికీ పోరు జరిగి దంతం విరిగినది ఈ కొండ మీదనే అనీ, జారిపడిన ఫరసా వల్లనే కింది పల్లెకు ఫరస్‌పాల్ అని పేరు వచ్చిందనీ చెబుతారు.

దగ్గరగా చూస్తే విగ్రహం ఒంటినిండా సన్నని అతుకులు. 2017 జనవరిలో ఎవరో దీనిని శిఖరం మీద నుంచి లోయలోకి తోసివేశారు. ముక్కలు ముక్కలైంది. చుట్టుపక్కల పల్లెల వారు, పోలీసులు లోయ అంతా వెదికి ముక్కలను ఏరి తెచ్చారు. పురావస్తు నిపుణులు వాటిని కూర్చి అతికి, అదే చోట మళ్లీ ప్రతిష్ఠించారు. "మా నాన్న కూడా ముక్కలు ఏరాడు. చిటికెన వేలంత ముక్కలు కూడా వదల్లేదు," అన్నాడు ఆ అబ్బాయి. అతని మాటలో గర్వం ఉన్నది. అతుకు పని చూసి మేము కూడా మెచ్చుకున్నాము. విరిగిన దంతం పట్టుకున్న దేవుణ్ణి విరిగిన ఒళ్లుతో చూసినా, ముఖంలో ఆ నవ్వు చెదరలేదు.

అక్కడ గంటసేపు కూర్చున్నాము. కొండల వరుస ఎద్దు మూపురం వలె సాగిపోతున్నది. బైలడిల్లా అన్న పేరుకు అర్థం అదే. మన వృత్తివారికి ఈ వరుస చరిత్ర కొంత తెలుసు. 1899 ప్రాంతంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు పి.ఎన్. బోస్ ఇక్కడి ఇనుమును గురించి నివేదించారు. 1930వ దశకంలో క్రూక్‌షాంక్ కొండలన్నీ తిరిగి పటం గీసి, నిక్షేపాలకు 1 నుంచి 14 దాకా అంకెలు వేశారు. 14వ నిక్షేపంలో తవ్వకం 1968లో, 5వ నిక్షేపంలో 1977లో మొదలైంది. మా నోట అంకెలే వస్తాయి: పద్నాలుగు, అయిదు, పది, పదకొండు. ఆ అబ్బాయి చేయి చాచి ఒక్కొక్క కొండనూ పేరు పెట్టి పిలిచాడు. ఒకటి ఫలానా దేవుడు, ఇంకొకటి ఆయన భార్య, దూరంగా మబ్బు తగులుకున్నది నందరాజ్, అందరికీ పెద్ద. మేము పదమూడవ నిక్షేపం అనుకునే చోటు వారి లెక్కలో ఆ నందరాజ్ కుటుంబపు ఇల్లు. 2019 జూన్‌లో అక్కడ గని తెరవబోతున్నారని తెలిసి, వేలాది ఆదివాసులు విల్లంబులతో, వంటసామగ్రితో కిరండోల్ వచ్చి రోజుల తరబడి కూర్చున్నారు. ప్రభుత్వం పనులు ఆపించింది. గ్రామసభ తీర్మానంపై విచారణకు ఆదేశించింది.

"మా కొండ మీ దగ్గరికి వచ్చాక ఏమవుతుంది దాదా?" అని అతను అడిగాడు. కరుగుతుంది, చువ్వలవుతుంది, కమ్మీలవుతుంది అని చెప్పాము. వంతెనలకు, ఇళ్లకు వాడతారని చెప్పాము. దంతెవాడ వంతెనలో కూడానా? ఉండవచ్చునన్నాము. అతను కొంతసేపు ఆలోచించాడు. గొడ్డలి అంచును బొటనవేలితో చూసుకుంటూ, "ఇది కూడా కొండదే. తాత కాలంలో మేమే కరిగించుకునేవాళ్లం. అడిగి తెచ్చుకునేవాళ్లం," అన్నాడు. ఎవరిని అడిగి అని మేము అడగలేదు. కుమ్హడాకోట్ తోపు అందరికీ జ్ఞాపకం వచ్చింది కాబోలు, ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాము.

మాలో గనుల శాఖలో కొంతకాలం పనిచేసిన మిత్రుడు మాత్రం ఊరుకోలేదు. ఇనుము లేకుండా ఆసుపత్రి లేదు, రైలు లేదు, మనం ఇంత దూరం వచ్చే దారి లేదు, అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఆయన శ్రీమతి, "అన్ని కొండలూ కావాలా?" అన్నారు. ఆ వాదం దిగే దారి పొడవునా సాగింది, రాత్రి సత్రంలో భోజనాల దగ్గర కూడా సాగింది, తిరుగు రైలులో కోరాపుట్ దాటాక గాని చల్లారలేదు. మా మట్టుకు మాకు ఆవిడ ప్రశ్నకు ఒక జవాబు ఉన్నది: అన్నీ అక్కరలేదు. ఏది వదలాలో మాత్రం మన ప్రయోగశాల చెప్పలేదు. అక్కడ పుట్టిన వారిని అడగాలి.

మరునాడు బచేలీ, కిరండోల్ చూశాము. పైన మెట్లు మెట్లుగా కోసిన కొండ, కింద చక్కని కాలనీ, బడి, ఆసుపత్రి. మన టౌన్‌షిప్ వంటిదే. తెలుగు మాట కూడా ధారాళంగా వినిపిస్తుంది. ఖనిజం నింపుకున్న గూడ్సు బండి మా ఎదుటనే విశాఖ వైపు కదిలింది. వ్యాగన్లు లెక్కపెట్టబోయి, సగంలో మానేశాము.

వెళ్లదలచిన వారికి కొన్ని సూచనలు. కార్తికం నుంచి మాఘం దాకా అనువైన కాలం. చలి గట్టిగా ఉంటుంది, ఉన్ని బట్టలు తప్పనిసరి. బస్తరు అడవులలో దశాబ్దాల పాటు సాగిన హింస గురించి అందరికీ తెలిసినదే. పరిస్థితి మారుతున్నా, ముందుగా స్థానిక అధికారులను విచారించకుండా అడవిదారి పట్టకూడదు. ఢోల్‌కల్‌కు ఫరస్‌పాల్ యువకులలో ఒకరిని తప్పక వెంట తీసుకువెళ్లండి, అతను అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఉదయం ఏడు లోపు ఎక్కడం ప్రారంభిస్తే మధ్యాహ్నానికి దిగిరావచ్చు. పైన నీరు దొరకదు. విగ్రహం మీద పాలు, నూనె పోయవద్దు, అతుకులు పాడవుతాయి. ధోవతి కట్టడం రాని వారు బయలుదేరే ముందు ఇంట్లో నేర్చుకోవడం మంచిది.